నీరు నిలిచిన చోటు, నీరు వచ్చిన దారి

వానకాలము వచ్చినదన్న పాతకార్ల డిక్కీలలో ఎక్కడినుండియో నీరు చేరుచుండును. హైదరాబాదులోని అడిక్‌మెట్‌లో ఒక కారు వెనుక చక్రము మీది సన్నని పగులును వెదకుచు సాగిన అన్వేషణ యిది.

రాత్రి పొద్దుపోవువరకు కురిసిన వాన తెల్లవారుజామున తెరపి యిచ్చెను. మా సందు పొడవునా వేపాకులు, ఇసుక, ఎవరి వాకిటనుండియో కొట్టుకొనివచ్చిన పిల్లవాని చెప్పు ఒకటి పడియున్నవి. నేను పోయి కారు డిక్కీ తెరచితిని. మూత లేచిన వెంటనే, తడిసిన గోనెసంచికిని పాడుబడిన బావికిని నడుమ నుండెడి యొక ముక్కవాసన గుప్పున ముఖమునకు కొట్టెను. ముందునాటి సాయంకాలము చిక్కడపల్లిలో ఒక పెద్దమనిషి, తన తండ్రిగారు ఏండ్ల తరబడి కూర్చి బైండు చేయించుకొనిన ‘భారతి’ సంపుటములు ఆరింటిని, చదువుకొనువాని యింట నుండుట మేలని తలచి నాకు అప్పగించియుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన ఆ మాసపత్రిక తెలుగువారి సాహిత్యమునకు ఎంతటి కొలువైయుండెనో తెలిసినవారికి, ఆ డిక్కీలో నేను చూచినదేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఎడమ ప్రక్క గోడకు ఆనుకొనియున్న రెండు సంపుటముల అట్టలు ఉబ్బి, కాలికో గుడ్డ రంగు పుటల అంచులకు దిగియున్నది. పరచిన తివాచీని పైకెత్తి, దానిక్రింది అట్టపలకను తీసి చూడగా, స్టెప్నీ చక్రము సగమువరకు నీటిలో మునిగియుండెను. ఆ నీరు కదలక, నల్లగ, నిన్నటిది కాదన్నట్లు ఉన్నది.

నిజముగ అది నిన్నటిది కాదు. అంతకు రెండు నెలల ముందునుండియే ఉదయమున అద్దములు లోపలివైపున మసకబారుచుండెను. బ్రేకు వేసినప్పుడు వెనుక ఎక్కడనో కుండలో నీరు తొణికిన చప్పుడగుచుండెను. ఆ రెండు గుర్తులను నేను లెక్కచేయనైతిని. ఆ పుస్తకములకు నేను చేసిన అపచారము అక్కడనే మొదలైనది.

మూడు తప్పుదారులు

నీరు కనబడిన చోటనే దానికి మూలమున్నదని నమ్ముట మానవసహజము. డిక్కీలో నీరున్నది గనుక డిక్కీ మూతదే దోషమని తలచి, మూత చుట్టు నుండెడి రబ్బరు బీడింగును మార్పించితిని. వారము దినములకు మరల నీరు చేరెను. వెనుక దీపముల గూడు చుట్టునున్న రబ్బరు ఎండి బిగిసిపోయినదని మరియొకరు చెప్పగా, దానిని కూడ మార్పించితిని. మరల నీరు చేరెను. మూడవమారు ఒక గ్యారేజివారు స్టెప్నీ గుంత అడుగున నుండెడి రబ్బరు బిళ్ళను ఊడదీసి, ఇక నీరు నిలువదని ధైర్యము చెప్పి పంపిరి. నీరు నిలువకపోవుట నిజమే. కాని అది వచ్చుట మానలేదు. పైగా అడుగునుండి దుమ్ము, బురద ఆ రంధ్రము గుండ లోనికి రాసాగెను.

ఈ మూడు పనులును చేతగానివారు చేసినవి కావు. ఒక్కొక్కటియు కొన్ని కార్లకు సరియైన చికిత్సయే. బీడింగు చిరిగి, దీపపు గూడు సడలి, పైకప్పు అతుకు విచ్చి, బంపరు వెనుక గాలి పోవుటకుంచిన రెక్కలు వంగి, ఏంటెనా మొదలు వదులై డిక్కీలోనికి నీరు దిగిన సందర్భములు కలవు. లోపమంతయు మేము రోగిని అడుగకయే మందు వేయుటలో నున్నది.

అడుగవలసిన ప్రశ్నను అడిగినవాడు, రామ్‌నగరు వైపు ఒక ఇరుకు షెడ్డులో నలువది యేండ్లుగ కార్ల క్రింద పడుకొని పనిచేయుచున్న యొక ముదుసలి మెకానిక్కు. వీధివారందరును ఆయనను ‘ఉస్తాద్’ అనియే పిలుతురు. నా కథనంతయు విని ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న: “సార్, బండి నిలవడితె తడుస్తున్నదా, నడిస్తె తడుస్తున్నదా?”

నేను ఆలోచించుకొంటిని. కారు ఇంటిముందు మూడు దినములు వానలో తడిసినప్పుడు డిక్కీ పొడిగనే యున్నది. చిక్కడపల్లినుండి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, రామ్‌నగరు మీదుగ, వీధిలో జానెడు నీరు నిలిచియుండగా నడుపుకొని వచ్చిన రాత్రియే పుస్తకములు తడిసినవి. ఆ మాట చెప్పగానే ఆయన తల యాడించి, “అయితె మీదికెళ్లి గాదు, చక్రంకెళ్లి వస్తున్నది” అనెను.

డిక్కీయు, స్టెప్నీయు

మనము అనుదినమును వాడుకొను ఈ రెండు మాటలకును చరిత్ర కలదు. గుఱ్ఱపుబండ్ల కాలమున వెనుకప్రక్క సేవకులు కూర్చుండుటకో, సామాను పెట్టుటకో ఏర్పరచిన పీటకు ఆంగ్లేయులు పెట్టిన పేరు డిక్కీ. తొలినాటి మోటారుకార్లలో మడతపెట్టు వెనుకసీటుకు ఆ పేరే వచ్చెను. తరువాత అక్కడ సామాను పెట్టె ఏర్పడినప్పుడు మనదేశమున ఆ పేరు దానికి స్థిరపడెను. స్టెప్నీ యనునది వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున ఒక వీధి పేరు. ఆ వీధిలో దుకాణము పెట్టుకొనిన వాల్టరు డేవీస్, టామ్ డేవీస్ అను అన్నదమ్ములు 1904లో అదనపు చక్రమును తయారుచేసి అమ్మసాగిరి. నాటి కార్లకు మారుచక్రము ఉండెడిది కాదు గనుక ఆ వస్తువు లోకమంతటను వ్యాపించెను. పుట్టినచోట ఆ పేరు మరుగునపడినను, మన మెకానిక్కుల నోట స్టెప్నీ నేటికిని జీవించియున్నది.

ఆ స్టెప్నీకొఱకు డిక్కీ అడుగున గుండ్రముగ దింపిన గుంత కారు లోపలిభాగములలో మిక్కిలి పల్లమైన తావులలో ఒకటి. కారు వెనుకభాగమున ఎక్కడినుండి నీరు దిగినను చివరకు అక్కడికే చేరును. అందుచేత స్టెప్నీ గుంతలోని నీరు తన పుట్టుకను గూర్చి మనకేమియు చెప్పదు.

చక్రము చిమ్మెడి నీరు

చక్రమునుండి డిక్కీలోనికి నీరెట్లు వచ్చునో తెలియవలెనన్న, వెనుక చక్రము పైన ఏమున్నదో చూడవలెను. అంబాసిడరు వంటి పాతకార్లలో వెనుక బరువును మోయునవి అడుగున పొడవుగ అమర్చిన కమాను పట్టీలు. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అను అమెరికా యింజనీరు స్ప్రింగును, షాకబ్జార్బరును ఒకే నిలువు కంబముగ కూర్చి, దాని తలను కారు రేకుకే బిగించు పద్ధతిని రూపొందించెను. 1950లో ఫోర్డు కంపెనీ ఇంగ్లండులో ప్రదర్శించిన కాన్సల్ కారు ముందుచక్రములకు ఈ కంబములు ఉండెను. అట్టి కూర్పునే లోటస్ కార్ల నిర్మాత కాలిన్ చాప్‌మన్ వెనుక చక్రములకు పెట్టెను. తరువాతి దశకములలో ఎన్నియో సెడాన్లకు వెనుకను ఇట్టి కంబములే వచ్చినవి. ఇప్పటి చిన్నకార్లు చాలవాటిలో స్ప్రింగు అడుగుననే యున్నను, షాకబ్జార్బరు తల మాత్రము చక్రపుగూటి పైభాగముననే బిగింపబడును. ఆ గూడు డిక్కీలోనికి ఒక గుమ్మటమువలె పొడుచుకొని వచ్చును. గుమ్మటము నడినెత్తిన ఒక రంధ్రము, దాని చుట్టును బోల్టులు, రేకునకును కంబపు తలకును నడుమ ఒక రబ్బరు పలక ఉండును. చక్రపు బురదకును మన పుస్తకములకును మధ్యనున్న సరిహద్దు ఇంతయే.

ఆ సరిహద్దు మీద పడెడి దెబ్బ ఎట్టిదో చిన్నలెక్క వేసి చూడవచ్చును. కారు గంటకు 40 కిలోమీటర్లు పోవుచున్నదనగా సెకనుకు సుమారు 11 మీటర్లు పోవుచున్నది. సామాన్యమైన కారుచక్రము అప్పుడు సెకనుకు ఆరుమార్లు తిరుగును. టైరు అంచును విడిచిన నీరు అదే వేగముతో చక్రపుగూటిని కొట్టును. పైన ఏ అడ్డును లేనిచో, నిట్టనిలువుగ లేచిన బొట్టు రెండంతస్తుల మేడయెత్తు ఎగయగలదు. ఆ నీటిలో ఇసుకయు, కంకరపొడియు కలిసియుండును. వాన పైనుండి నెమ్మదిగ జారును. చక్రమునీరు క్రిందినుండి గురిపెట్టి పొడుచును. వానలో నిలిపిన కారు పొడిగనుండి, నడచిన కారు తడియుటకు కారణమిదియే.

ఇక రేకు సంగతి. నేటి కార్లకు లారీకి వలె వేరుగ చాసీ యుండదు. సుమారు మిల్లీమీటరు మందమున్న ఉక్కురేకులను మడచి, వేలకొలది చుక్కలుగ స్పాట్ వెల్డింగు చేసి, అన్నియును ఒక్క పెట్టెగ కట్టుదురు. వెల్డింగు చుక్క రేకులను కలిపి పట్టును గాని, చుక్కకును చుక్కకును నడుమ నీటిని ఆపజాలదు. అందుకని అతుకుల వెంట మెత్తని సీలెంటు ముద్దను పూయుదురు. ఏండ్లు గడచినకొలది ఎండకు, వేడికి అది గట్టిపడును. గుంతలో చక్రము దిగిన ప్రతిమారును, స్పీడుబ్రేకరు ఎక్కిన ప్రతిమారును, కంబపు తల ఆ గుమ్మటమును తట్టును. గట్టిపడిన ముద్దకు సాగు గుణము పోయినందున అది వెండ్రుకవాసి పగులును. ఆ పగులులో నీరు నిలిచి రేకునకు తుప్పు పట్టును. తుప్పు ఉబ్బి పగులును ఇంకను పెద్దదిగ చేయును. కారు మోతబరువు నెక్కువగ భరించుచోటనే దాని అతుకు ముందుగ విచ్చుట యిందువలననే.

పొడి చెప్పిన సాక్ష్యము

ఉస్తాద్ పానా పట్టుటకు ముందు పుస్తకములను చూపుమనెను. ఉబ్బిన సంపుటమును చేతిలోనికి తీసికొని, అంచును వ్రేలితో తడిమి, “కిందికెళ్లి తడిసినట్టు లేదు సార్, పక్కకెళ్లి తడిసింది. గీత సూడుండ్రి, ఎడమదిక్కు మీదికున్నది” అనెను. నిజమే. పుటల అంచున నీటి మరక ఎడమప్రక్క ఎత్తుగ మొదలై కుడికి వాలుచు దిగియున్నది. ఇన్నాళ్ళును ఆ పుస్తకముల చుట్టు తిరిగిన నాకు అది కనబడలేదు. చదువరాని ఆయన ఆ పుటను సరిగ చదివెను.

అటుపిమ్మట ఆయన చేసిన పరీక్ష ఎవరైనను ఇంట చేసికొనదగినది. డిక్కీలోని తివాచీ, పలకలు, ప్రక్కగోడల అట్టలు అన్నియు ఊడదీసి, లోపల రేకును పాతగుడ్డతో చుక్క తడి లేకుండ తుడిపించెను. రెండు గుమ్మటముల మీదను, అతుకుల వెంటను, దీపపు గూళ్ళ క్రిందను పౌడరు పలుచగ చల్లించెను. తన దగ్గర పనినేర్చుకొను కుఱ్ఱవానిని టార్చిలైటుతో డిక్కీలో కూర్చుండబెట్టి, మూతను ఓరగ దించి, వాడు పిలిచినంతనే తెరచునట్లు ప్రక్కన ఒకరిని నిలిపి, తాను నీళ్ళ గొట్టమును చేతబట్టెను. ముందుగ చక్రపుగూటిలోనికి, తరువాత బంపరు వెనుకకు, ఆ తరువాత దీపములకు, కట్టకడపట మూతకు నీరు కొట్టవలెను. పైనుండి మొదలుపెట్టినచో జారిన నీరు అన్ని చోట్లను తడిపి సాక్ష్యమును చెరిపివేయునట. ఒక్కొక్కచోట ఐదేసి నిమిషములు ఆగవలెను. సన్నని దారిని నీరు కనుగొనుటకు వ్యవధి పట్టును.

మూడవ నిమిషమున లోపలినుండి కుఱ్ఱవాడు “ఉస్తాద్, వచ్చింది!” అని కేకవేసెను. నేనును వంగి చూచితిని. ఎడమ గుమ్మటము మొదట, రంధ్రమునకు జానెడు దూరమున, రెండు రేకులు కలిసిన అతుకు వెంట, తెల్లని పౌడరు మీద దారపుపోగంత నల్లని గీత యొకటి పుట్టి, క్షణము తటపటాయించి, మెల్లగ ప్రక్కగోడ వెనుకకు తిరిగి, అక్కడినుండి స్టెప్నీ గుంతకు జారిపోయెను. ఇన్నాళ్ళు మమ్ములను తిప్పినది ఆ దారపుపోగే.

లోపలి పూత, బయటి పూత

చేతికందుచోట, డిక్కీ లోపలనే, ఆ పగులు మీద ఎమ్-సీల్ ముద్దయో, లప్పమో పూసి పని ముగించుట సులభము. ఉస్తాద్ అట్లు చేయనీయలేదు. లోపల పూసినచో నీరు డిక్కీలోనికి రాకపోవచ్చును గాని, రెండు రేకుల నడుమ చిక్కుపడి, ఎండుటకు దారిలేక, అక్కడనే తుప్పును పెంచును. పై పూత చక్కగ నున్నట్లే కనబడును, లోని రేకు పొరలు పొరలుగ రాలిపోవుచుండును. నీరు వచ్చువైపుననే దానిని ఆపవలెను. చక్రమును విప్పి, కంబమును దింపి, గూటిలోనికి తల దూర్చి, పాత ముద్దను గోకి, తుప్పును తీగబ్రష్షుతో రుద్ది మెరుపు కనబడువరకు తీసి, మిగిలిన తుప్పును నిలిపెడి రసాయనము పూసి, అది ఆరిన పిదప ప్రైమరు వేసి, దానిపై కొత్త సీలెంటును అతుకు పొడవునా పట్టించెను. ఆ రాత్రి దానిని కదలనీయలేదు. మరునాడు లోపలివైపున కూడ పూసి, కంబపు తలక్రింది రబ్బరు పలకను కొత్తది వేసి, చక్రము నేలమీద ఆని బరువు పడిన తరువాత కడసారి బోల్టులు బిగించి, స్టెప్నీ గుంత అడుగు బిళ్ళను మరల పెట్టించెను. కుడిగుమ్మటము బాగుగనే యున్నను దానికిని అదే సేవ జరిగెను. ఒకే యేడు, ఒకే ముద్ద, ఒకే దారి చూచిన రెండు అతుకులలో ఒకటి పోయినచో రెండవదానికి వ్యవధి ఎంతో ఉండదని ఆయన అనుభవము.

ఊరికిని ఇదే పాఠము

ఆ రెండు దినములు షెడ్డు ముందర కూర్చుండి వీధిలోని నీటిని చూచుచుండగా, మా కారునకును మా ఊరికిని గల పోలిక నాకు తోచినది. మా ప్రక్కపేటల పేళ్ళే తీసికొనుడు: నల్లకుంట యున్నది, నాగమయ్యకుంట యున్నది. కుంట పోయి కాలనీ వచ్చినను నీటికి పాతచోటు గుర్తే. పదునారవ శతాబ్దమున కట్టిన హుస్సేన్‌సాగరు పొంగినప్పుడు, ఆ మిగులునీరు ఒక నాలాగ అశోక్‌నగరు, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగ అంబర్‌పేట దాటి మూసీలో కలియును. 2000 ఆగస్టు 24న ఒక్కదినమున నగరముపై 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడును, 2020 అక్టోబరు 13 రాత్రి 19 సెంటీమీటర్లు పడినప్పుడును, ఆ నాలా వెంట నున్న పేటలు పడిన పాట్లు ఇక్కడివారు మరువలేదు. 19 సెంటీమీటర్లనగా ప్రతి చదరపు మీటరు నేలమీదను 190 లీటర్లు, ఇంచుమించు పదమూడు బిందెలు. నిలిపియుంచిన కారులు బొమ్మలవలె తేలిపోయినవి ఆ రాత్రియే.

నీరు నిలిచినచోట మోటారు పెట్టి తోడుట స్టెప్నీ గుంత బిళ్ళను ఊడదీయుట వంటిది. అక్కరకు పనికివచ్చును, రోగము తీరదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనిన పిదప, నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మునిగిన అఫ్జల్‌గంజి దగ్గరనే ఆగిపోలేదు. నది వెంట ఎగువకు పోయి, వాన ఎక్కడ పడెనో, ఎన్ని చెరువులు తెగెనో లెక్కించెను. రెండువందలకు పైగ చెరువులు తెగి, ఒకదాని నీరు మరియొకదానిని త్రెంచుచు వచ్చినట్లు తేలెను. నగరమునకు ఎగువన నీటిని ఆపుటయే మార్గమని ఆయన చెప్పిన ఫలితముగ 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి. మునిగినచోటునుండి వెనుకకు నడచి నీటి పుట్టుకను పట్టుకొనిన ఆ మహనీయుని పద్ధతియు, పౌడరు చల్లి గొట్టము పట్టిన ఉస్తాద్ పద్ధతియు నాకు ఒక్కటిగనే తోచినవి.

వానకు ముందు చూచుకొనవలసినవి

పాతకారున్నవారందరికిని నా మనవి ఇది. ఉదయమున అద్దములు లోపలివైపు మసకబారినను, డిక్కీ తెరచినప్పుడు ముక్కవాసన వచ్చినను, బ్రేకు వేసినప్పుడు తొణుకు వినబడినను, ఆనాడే స్టెప్నీ పలకను ఎత్తి చూడుడు. తడి యున్నచో అది వాననాడు వచ్చినదో, ప్రయాణమునాడు వచ్చినదో గుర్తుంచుకొనుడు. సగము నిదానము అందులోనే యున్నది. కొన్ని కార్లలో డిక్కీ ప్రక్కగోడల వెనుక తీగల కూడళ్ళు, ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉండును. అవి తడిసినచో వెనుక దీపములు మొదలు తాళములవరకు పిచ్చిగ ప్రవర్తించును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నీటికి దారి యిచ్చిన రంధ్రము సైలెన్సరు పొగకును దారి యీయగలదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. వెనుకసీటులో నిద్రించు పిల్లలకు అది మృత్యువు. డిక్కీ కారినంతమాత్రమున ఏమగునని ఊరకుండువారు ఈ ఒక్క మాటను తలచుకొనవలెను. కారు నీటమునిగినచో తాళము త్రిప్పి యింజనును ఆడింపరాదు. సిలిండర్లలో చేరిన నీరు నలుగదు గనుక లోని ఇనుపకడ్డీలే వంగిపోవును.

పుస్తకములను గూర్చి కూడ రెండు మాటలు. తడిసిన పుస్తకమునకు రెండు దినములలో బూజు పట్టనారంభించును. ఎండలో పెట్టినచో కాగితము పెళుసెక్కి వంకరలు పోవును. నీడలో, పంకా గాలిలో, పుటలమధ్య పీల్చుడు కాగితములుంచి మార్చుచుండవలెను. మా యింట ఆ వారమంతయు ముందుగది నేలమీద ‘భారతి’ పుటలు గాలికి రెపరెపలాడుచు, ఎవరో పెద్దలు మెల్లగ మాటలాడుకొనుచున్నట్లుండెను. ఒక్క అక్షరమును చెరగలేదు. మరక మాత్రము నిలిచిపోయినది. సంపుటములను ఇచ్చిన పెద్దమనిషికి జరిగినది చెప్పుకొని, క్షమింపుడని వేడుకొంటిని. ఆయన ఆ మరకను చాలసేపు చూచి, “బాగుచేయించితివి గదా నాయనా, ఇక చదువు” అనిరి.

అప్పటినుండి మా యింట ఒక క్రొత్త ఆచారము ఏర్పడినది. మృగశిర కార్తె ప్రవేశించిన ఉదయమున, చేపలకొఱకు రామ్‌నగరు మార్కెట్టు త్రోవ నిండ జనము క్రిక్కిరిసి పోవుచుండగా, నేను డిక్కీ ఖాళీచేసి, రేకు తుడిచి, ఎడమ గుమ్మటము మొదట చిటికెడు పౌడరు చల్లుదును. మా అబ్బాయి గొట్టము పట్టును. నేను టార్చిలైటుతో లోపల కూర్చుండి, తెల్లని పొడి తెల్లగనే యుండువరకు కనిపెట్టుకొనియుందును.